ఇటు కాంటా, అటు మిల్లు: మూడు పంటలు అమ్మి చూశాక

మాకు సాగర్ ఎడమ కాలువ కింద ఆరెకరాలు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో మా ఊరు. మా ఆయనకు మోకాళ్లు పట్టేసి నాలుగేళ్లవుతోంది. అప్పటి నుంచి పంట అమ్మే పనంతా నేనే చూస్తున్నాను. కోత మిషన్ పొలంలో దిగిందంటే చాలు, దారిన పోయే ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "సెంటర్‌ల పోస్తున్నవా, మిల్లుకు తోలుతున్నవా?"

రెండూ చేశాను. 2024 వానాకాలం సన్నాలు మిల్లుకు తోలాను. 2025 యాసంగి దొడ్డు వడ్లు, మొన్నటి వానాకాలం సన్నాలు మా ఊళ్లో మహిళా సంఘం నడిపే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో పోశాను. ఏ దారిలో ఎంత చేతికొచ్చింది, ఎక్కడ పోయింది, లెక్కతో సహా రాస్తున్నాను. ఈ లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి పంటకు అంత నష్టపోయేదాన్ని కాదు.

మిల్లు సంగతి ముందు. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో ఉన్న సౌకర్యం ఏమిటంటే పచ్చి వడ్లు కొంటారు. పొద్దున కోసి సాయంత్రం ట్రాక్టర్ తోలొచ్చు. కల్లం వెతుక్కునే పని లేదు, పట్టాల కిరాయి లేదు, మబ్బు పట్టిందంటే గుండె దడ లేదు. రెండెకరాల సన్నాలు, 48 క్వింటాళ్లు. కోతకు ముందు రోజు మధ్యవర్తికి ఫోన్ చేస్తే క్వింటాలు 2,450 అన్నాడు. సంతోషంగా తోలాం. మిల్లు ముందర ట్రాక్టర్ల వరుస మెయిన్ రోడ్డు దాకా ఉంది. రెండు రాత్రులు అక్కడే. వెయిటింగ్ చార్జీ కింద ట్రాక్టర్ ఆయనకు రోజుకు 1,500 ఇచ్చాను. పచ్చి వడ్లు ట్రక్కులో రెండు రాత్రులు ఉంటే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. మూడో రోజు మా వంతు వచ్చేసరికి గుమస్తా గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, ఊది, "రంగు తిరిగినయి, 2,300" అన్నాడు. నేను ఏమని కొట్లాడాలి? వెనక్కి తోలుకుపోతే ఎక్కడ పోయాలి? అప్పటికి వడ్లు వేడెక్కి ఉన్నాయి. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. పైగా డబ్బులు ఆ రోజే కావాలంటే నూటికి రెండు రూపాయలు కోత అన్నారు. పెట్టుబడి అప్పు వడ్డీ గుర్తొచ్చి దానికీ ఒప్పుకున్నాను. 48 క్వింటాళ్లకు చేతికొచ్చింది లక్షా ఎనిమిది వేల చిల్లర.

ఇంటికొచ్చాక మా అబ్బాయి లెక్క వేశాడు. ఆ సీజన్‌లో ఏ గ్రేడు మద్దతు ధర 2,320, సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బోనస్ 500, మొత్తం 2,820. అది చూసి మాకు మొదట కడుపు మండింది. కానీ మిల్లుకు పోసినవి పచ్చి వడ్లు. తేమ 25 శాతం ఉన్న 48 క్వింటాళ్లు కేంద్రం అడిగే 17 శాతానికి ఆరితే 43 క్వింటాళ్లే మిగులుతాయి. 43ను 2,820తో గుణిస్తే లక్షా 21 వేలు. అందులోంచి ఎండబెట్టిన కూలి, పట్టాల కిరాయి, హమాలీ, తరుగు తీసేయాలి. మిల్లు ఫోన్‌లో చెప్పిన 2,450 మీద నిలబడి ఉంటే నాకు లక్షా 17 వేలు వచ్చేవి. అంటే రెండు దారులూ ఇంచుమించు సమానం, పైగా కల్లం తిప్పలు లేవు కాబట్టి మిల్లే నయం. చెప్పిన మాట మీద నిలబడలేదు, అక్కడే 9 వేలకు పైగా తేడా వచ్చింది. 2,820కి 2,300కి తేడా చూసి మిల్లోళ్లు 520 తిన్నారని అనడం తప్పు, తేమ లెక్క కట్టి చూసుకోండి. మోసం ధరలో కాదు, ఆ రెండు రాత్రుల్లో ఉంది.

ఆ దెబ్బతో 2025 యాసంగిలో నాలుగెకరాల 1010 రకం దొడ్డు వడ్లు మా ఊరి కేంద్రంలో పోశాను. ఇక్కడ ధర గురించి ఎవరితో బేరం లేదు. అప్పుడు బోర్డు మీద 2,320 రాసి ఉంది. ఊళ్లో పెద్ద రైతుకూ అదే, కౌలుకు చేసుకునే ఆమెకూ అదే. అది చూసినప్పుడు కలిగే ధైర్యం మామూలుది కాదు. మిల్లు ముందర గుమస్తా ముఖం చూస్తూ నిలబడిన మనిషిగా చెబుతున్నాను.

కానీ ధర ఎంత కచ్చితమో మిగిలినదంతా అంత పొడుగు. వడ్లు ఎండబెట్టాలి. తేమ 17 లోపు రావాలి, మట్టి, తాలు ఉండకూడదు. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సంతకం, టోకెన్, ఆ తర్వాత గోనె సంచుల కోసం ఎదురుచూపు. సంచులు వస్తే హమాలీలు ఉండరు, హమాలీలు వస్తే లారీ రాదు. పట్టాలు పది కిరాయికి తెచ్చాను, ఒక్కోదానికి రోజుకు 20 రూపాయలు. పద్నాలుగు రోజులకు 2,800 అయింది. కాంటా అయ్యాక కూడా బస్తాలు ఆరు రోజులు అక్కడే ఉన్నాయి, లారీ లేక. కాంటా అయిన బస్తాలకు కాపలా ఎవరిది? రైతుదే. రాత్రి పూట మా అబ్బాయి బస్తాల మీదే పడుకున్నాడు.

ఇక తరుగు. బస్తాకు 40 కిలోల వడ్లు, సంచి బరువు 600 గ్రాములు, కలిపి కాంటా 40.6 చూపాలి. మా దగ్గర 42 దగ్గర ఆపారు. ఒక్కో బస్తాకు కిలో 400 గ్రాములు ఎక్కువ. నావి 250 బస్తాలు. అంటే 350 కిలోలు, మద్దతు ధరతో 8,120 రూపాయలు. ఇది ఏ రశీదులోనూ కనిపించదు. కాగితం మీద 100 క్వింటాళ్లు, 2 లక్షల 32 వేలు. ఆ డబ్బు మాత్రం పైసా తగ్గకుండా నా ఖాతాలో పడింది, కాంటా అయిన పదకొండో రోజున. ఎవరి చేతికీ పోకుండా నేరుగా నా పేరు మీద పడింది. ఆ మెసేజ్ మా ఆయనకు చదివి వినిపించాను.

తరుగు ఎందుకు తీస్తున్నారని కేంద్రం చూసే చెల్లెను గట్టిగానే అడిగాను. ఆమె మా సంఘం మనిషే, రోజూ ముఖం చూసుకునేవాళ్లం. "నాకేం మిగుల్తది అక్కా? లారీ పోయినంక మిల్లు నుంచి ఫోన్ వస్తది. తేమ ఎక్కువున్నది, నాలుగు బస్తాలు తగ్గించి రాస్తం, లేకుంటే లారీ దించం అంటరు. లారీ దించకుంటే రేపు మన ఊరికి లారీ రాదు." ఆమె చెప్పింది నిజం. కేంద్రం వడ్లు కొంటుందే కాని మర పట్టదు. కొన్న వడ్లు పోయేది మళ్లీ మిల్లుకే. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం మిల్లు తిరిగి ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఉప్పుడు బియ్యమైతే 68. ఆ లెక్క ఎక్కడ తగ్గుతుందో అన్న భయంతో మిల్లు ముందే రైతు దగ్గర కోస్తుంది. అందుకే సెంటర్ వేరు, మిల్లు వేరు అని మనం అనుకుంటాం కాని, రెండు దార్లూ పోయి ఆ గేటు దగ్గరే కలుస్తాయి. తేడా ఒక్కటే. నేరుగా పోతే గేటు దగ్గర నేను ఒక్కదాన్నే నిలబడాలి. కేంద్రం ద్వారా పోతే ధర ముందే కుదిరిపోయి ఉంటుంది, వాళ్లు గ్రాముల్లో కోయగలరు తప్ప రూపాయల్లో కోయలేరు.

మూడో అమ్మకం మొన్నటి వానాకాలానిది. దాని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

సన్నాలు కోసి కేంద్రం దగ్గర రోడ్డు వారగా రాశి పోశాం. నాలుగు రోజులు ఎండాయి. తేమ 19కి వచ్చింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది, 29న మా దగ్గర వాన దంచింది. పైన పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, పైన మళ్లీ ఒక పట్టా వేశాం. పైనుంచి చుక్క దిగలేదు. నీళ్లు కింద నుంచి వచ్చాయి. రోడ్డు వాలు మా రాశి వైపే ఉందని ఎండ ఉన్న నాలుగు రోజుల్లో ఎవరికీ తట్టలేదు. నేనూ, మా కోడలూ సెల్ ఫోన్ లైటు పెట్టుకుని పారతో రాశి చుట్టూ కాలువ తీశాం. పక్క రాశి పిల్లవాడు వచ్చి పార అందుకుని "నువ్వు పట్టా పట్టుకో పెద్దమ్మా" అన్నాడు. వాళ్ల వడ్లు అప్పటికే కొట్టుకుపోతున్నాయి.

తెల్లారి పట్టా లేపి రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వేడి. జ్వరం వచ్చిన పిల్లల ఒంటి మీద చెయ్యి వేసినట్టు ఉంది. అడుగున గుప్పెడు తీస్తే ముక్కిన వాసన. రెండు రోజులు మబ్బు విడవలేదు. మూడో రోజు అడుగు పొరలో గింజలకు తెల్లటి మొలక ముళ్లు కనిపించాయి. ఆ పొర మొత్తం పక్కకు తీసేశాం, మూడు బస్తాలు. మిగిలినవి ఎండ వచ్చిన తర్వాత పలచగా పోసి గంటకోసారి కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగబెట్టాం.

తేమ చూసే రోజు కేంద్రం చెల్లె రాశిలో మూడు చోట్ల నుంచి గుప్పెళ్లు తీసి మిషన్‌లో పోసింది. ఆ చిన్న తెర మీద అంకె తిరుగుతుంటే ఇంటర్ రిజల్ట్స్ చూసే పిల్లలకు ఉండే టెన్షన్ నాకు పట్టుకుంది. 17.4 వచ్చింది. "ఇంకొక్క పూట ఎండనియ్యి అక్కా, నేనే వచ్చి చూస్త" అంది. సాయంత్రం నిజంగానే వచ్చింది. 16.8. సన్నాలో కాదో తేల్చడానికి నాలుగు గింజల పొట్టు తీసి, కాలిపర్‌తో బియ్యం గింజ పొడవు, వెడల్పు కొలిచింది. పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 దాటకూడదట. 96 బస్తాలు కాంటా అయ్యాయి. ఏ గ్రేడు 2,389, దాని మీద బోనస్ 500 వేరుగా. ఈసారి లారీ రెండో రోజే వచ్చింది. మద్దతు ధర డబ్బు నాలుగో రోజు పడింది.

వాన తర్వాతి ఆ మూడు రోజుల్లో మిల్లుల వైపు తోలినవాళ్లు ఏ ధరకు ఇచ్చి వచ్చారో మా ఊళ్లోనే విన్నాను. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. వడ్లు వేడెక్కుతుంటే నిద్ర పట్టదు, ఎంతకో అంతకు వదిలించుకుందామనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కొనుగోలు కేంద్రమే లేకపోతే ఏమవుతుందో మాకు ఒకసారి కళ్లారా కనిపించింది. 2022 ఏప్రిల్. యాసంగి వడ్లు ఎండకు లోపల పగిలి ఉంటాయి, పచ్చి బియ్యంగా మర పడితే నూక ఎక్కువ వస్తుంది, అందుకే ఉప్పుడు బియ్యం పడతారు. ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్ర ప్రభుత్వం, అయితే మేము కొనేది ఎట్లా అని రాష్ట్ర ప్రభుత్వం. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. అప్పుడు మద్దతు ధర 1,960. మా కల్లాల దగ్గరికి వచ్చిన వ్యాపారులు అడిగింది 1,500. "సర్కారు కొనదంట, తర్వాత ఇది కూడా రాదు" అనేవాళ్లు. 12వ తేదీన రాష్ట్రమే కొంటుందని ప్రకటన వచ్చింది. వారం తిరక్కుండా అదే వ్యాపారి అవే వడ్లను 1,750కి అడిగాడు. వడ్లు మారలేదు, మిల్లు మారలేదు. ఊళ్లో ఇంకా కాంటా కూడా పెట్టలేదు. పెడతారన్న మాటకే రేటు 250 లేచింది. కేంద్రంలో ఒక్క బస్తా అమ్మని రైతుకు కూడా కేంద్రం ఎంత సాయం చేస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది.

మా చిన్నక్క కొడుకు కెనడాలో సస్కాచెవాన్‌లో ఉంటాడు. గోధుమలు పండే దేశం, చెట్టూ గుట్టా అడ్డం రాని చదును నేల అంటాడు. నా తరుగు బాధ ఫోన్‌లో చెబితే, "చిన్నమ్మా, ఇక్కడ కూడా ఇదే లొల్లి డెబ్బై ఏండ్లు నడిచింది" అని ఒక కథ చెప్పాడు. నాకు ఎంత ఆసక్తిగా అనిపించిందంటే రెండు ఆదివారాలు అడిగి అడిగి చెప్పించుకున్నాను.

అక్కడ 1935లో ప్రభుత్వం గోధుమల బోర్డు పెట్టింది. ఆఫీసు విన్నిపెగ్‌లో. 1943 నుంచి అది కచ్చితం అయింది. అల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా రైతులు ఎగుమతికి గానీ, దేశంలో మనుషుల తిండికి గానీ గోధుమలు అమ్మాలంటే ఆ బోర్డుకే అమ్మాలి. మనలాగా ముందే కట్టిన మద్దతు ధర కాదు. వడ్లు దించగానే, అంటే వాళ్లకు గోధుమలు, మొదటి విడత డబ్బు ఇస్తారు. ఏడాదంతా బోర్డు అమ్మిన మొత్తాన్ని ఒక్క కుప్ప చేసి, ఖర్చులు తీసేసి, మిగిలింది తర్వాత చివరి విడతగా పంచుతారు. సెప్టెంబర్‌లో దించినవాడికీ, మార్చిలో దించినవాడికీ ఒకే రకం గోధుమకు ఒకే లెక్క. కొంతమందికి ఇది నచ్చలేదు. మా పంట, మా ఇష్టం అన్నారు. 1990లలో కొందరు సొంత ట్రక్కుల్లో అమెరికా సరిహద్దు దాటించి అమ్మితే జరిమానాలు వేశారు, జైలుకూ పంపారు. 2011లో బోర్డు రైతుల దగ్గర ఓట్లు అడిగితే గోధుమ రైతుల్లో 62 శాతం ఉండాలనే అన్నారు. అయినా అప్పటి ప్రధాని హార్పర్ ప్రభుత్వం చట్టం చేసి, 2012 ఆగస్టు 1 నుంచి ఎవరి ఇష్టం వాళ్లది అంది. జైలుకు పోయిన వాళ్లకు క్షమాభిక్ష పెట్టింది. మూడేళ్లకు, 2015లో, బోర్డులో సగానికి పైగా వాటా ఒక ధాన్యం కంపెనీ, ఒక సౌదీ కంపెనీ కలిసి పెట్టిన సంస్థకు పోయింది.

నాకు బాగా తగిలింది ఆ తర్వాతి సంగతి. స్వేచ్ఛ వచ్చిన మరుసటి ఏడాదే, 2013లో, అక్కడ ఎన్నడూ లేనంత పంట పండింది. చలికాలం వచ్చేసరికి రైలు వ్యాగన్లు దొరకలేదు. ధాన్యం గోదాముల్లో, పొలాల్లో నిలిచిపోయింది. 2014 మార్చిలో ప్రభుత్వమే దిగి, రెండు రైలు కంపెనీలూ వారానికి ఒక్కొక్కటి కనీసం 5 లక్షల టన్నులు మోయాలని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మా లారీ కథే కదా ఇది. ఎవరికైనా అమ్ముకో అన్నారు, బాగానే ఉంది. మోసే బండి ఎవరి చేతిలో ఉందో వాళ్లే రేటు చెబుతారు.

అయినా అక్కడి రైతుకూ నాకూ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లకు వేల ఎకరాలు, పొలం దగ్గరే పెద్ద పెద్ద ఇనుప గాదెలు. ఈ నెల ధర నచ్చకపోతే వచ్చే నెల దాకా ఆగుతారు. మా అమ్మమ్మ ఇంట్లోనూ గాదె ఉండేది, గడ్డితో మెలిసిన పురి ఉండేది. ఇప్పుడు మాకు ఉన్నది కిరాయి పట్టా. రోడ్డు మీద పోసిన వడ్లకు ఆగడం అనేది ఉండదు. బోర్డు లేని చోట ఆగగలిగిన వాడు బతికిపోతాడు, ఆరెకరాల వాళ్లం ఆగలేం. అలాగని అక్కడ మునుపటిలాగా ఒక్కరికే అమ్మి తీరాలి అన్నా నేను ఒప్పుకోను. పచ్చి సన్నాలకు మిల్లు మంచి ధర ఇచ్చిన రోజు తోలుకునే హక్కు నాకు ఉండాలి. ఇప్పుడు మన దగ్గర రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఏ తలుపు మూసినా నష్టపోయేది రైతే అని మూడు పంటలు అమ్మిన తర్వాత నమ్ముతున్నాను.

మా ఊరి కేంద్రానికి మార్కులు అడిగితే ఐదుకు మూడున్నర వేస్తాను. ధరకూ, ఖాతాలో పడే డబ్బుకూ పూర్తి మార్కులు. తేమ చూడటంలో ఆ చెల్లె నిజాయితీకి కూడా. పోయినవి తరుగుకూ, లారీకీ, పట్టాలకూ. యాభై అరవై రాశులు పోసే చోట సిమెంటు కల్లం లేకపోవడం, వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ ఒక్కటీ లేకపోవడం నాకు అన్నింటికంటే బాధ. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్ కార్డులకు సన్న బియ్యం ఇస్తున్నారు. ఆ బియ్యం మా రోడ్ల మీద ఆరినవే. డ్రయ్యర్ ఉంటే 25 తేమతో వచ్చిన వడ్లు రెండు వారాలు వాన కోసం భయపడుతూ పడి ఉండక్కర్లేదు, రైతు పచ్చి వడ్లతో మిల్లు గేటు ముందు రెండు రాత్రులు నిలబడక్కర్లేదు. నేరుగా మిల్లుకు అమ్మడానికి రెండు మార్కులు వేస్తాను. పచ్చివి కొంటారు, అదే రోజు డబ్బు ఇస్తారు, ఆ రెండింటికి. చెప్పిన రేటు కాగితం మీద రాసిస్తే ఇంకో మార్కు వేస్తాను.

ఈ యాసంగికి నాలుగెకరాలకు మళ్లీ 1010 నారు పోశాను. కేంద్రంలోనే పోస్తాను. రోడ్డు వాలు చూసి రాశి ఎత్తు వైపు పోయాలని మా కోడలు ఇప్పటికే చోటు గుర్తు పెట్టి వచ్చింది. కాంటా రోజున మొదటి బస్తా ఎత్తే ముందు ఖాళీ సంచి కాంటా మీద పెట్టించి, బరువు అందరికీ వినపడేలా చదివిస్తాను. సంఘంలో పదకొండు మందిమి రైతులం ఉన్నాం, ఆ రోజు అందరం అక్కడే కూర్చుంటామని మాట అనుకున్నాం.